పెరట్లో జీపు

మా తమ్ముడి కొడుకు ఈమధ్య ఒక పెద్ద బండి కొన్నాడు. కారు అంటే వాడికి కోపం. "కారు కాదత్తా, ఎస్‌యూవీ!" అంటాడు. పేరేదైతేనేం, రోలుగుంటలో మా ఇంటి ముందు దాన్ని నిలబెడితే వాకిట్లో ముగ్గు వేసుకోవడానికి జాగా లేదు. అందుకని పెరట్లోకి తోలించారు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూద్దును కదా, చింతచెట్టు కింద బోనెట్టు ఎత్తిపెట్టి, వాడు కాగితం మీద లెక్కలు వేస్తున్నాడు.

"ఏట్రా ఆ లెక్కలు?" అన్నాను.

"టైర్లు పెద్దవి వేయిస్తానత్తా. బండిని రెండంగుళాలు పైకి లేపిస్తాను. ఇంజను కంప్యూటర్లో చిన్న మార్పు చేయిస్తే ఇంకా జోరొస్తాది. లంబసింగి ఘాటీ ఎలగెక్కుతాదో చూద్దువు గాని."

"మరి బ్రేకులో?"

"బ్రేకులకేటయింది? బాగానే ఉన్నాయి కదా!"

ఈ మాట నేను ఇంతకు ముందొకసారి విన్నాను. అదే పెరట్లో, అదే చింతచెట్టు కింద, మా చిన్నాన్న నోట.

ఆ సంగతి చెప్పాలంటే ముందు జీపు కథ చెప్పుకోవాలి. ఇవాళ వీధుల్లో తిరిగే ఈ పెద్ద బండ్లన్నిటికీ ముత్తాత అదే.

1940 జూలైలో అమెరికా సైన్యం తమకొక చిన్న, తేలికపాటి, నాలుగు చక్రాలూ లాగే బండి కావాలని నూటముప్పై అయిదు కంపెనీలకు ఉత్తరాలు రాసింది. నమూనా బండికి ఇచ్చిన గడువు నలభై తొమ్మిది రోజులు! మనింట్లో పెళ్ళికి కూడా అంతకన్నా ఎక్కువ వ్యవధి అడుగుతాం. పెద్ద పెద్ద కంపెనీలు వెనక్కి తగ్గితే, దివాలా అంచున ఉన్న బాంటమ్ అనే చిన్న కంపెనీ కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరును పట్టుకొచ్చి, సెప్టెంబరు 23 నాటికి బండిని తెచ్చి నిలబెట్టింది. అయితే అంత చిన్న కంపెనీ వేల బండ్లు చేయలేదన్న అనుమానంతో సైన్యం పెద్ద ఆర్డర్లు విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు ఇచ్చింది. బాంటమ్‌కి చివరికి దక్కింది జీపు వెనక తగిలించే ట్రైలర్లు చేసే పని. వండిన వాళ్ళొకరు, విస్తరి ముందు కూర్చున్న వాళ్ళొకరు! యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా జీపులు తయారయ్యాయి.

అరవై గుర్రాల బలం ఉన్న ఆ ఇంజనులో దాచిపెట్టిందేమీ లేదు. బోనెట్టు ఎత్తితే ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. యుద్ధభూమిలో సిపాయే విప్పి బిగించుకోవాలి కనుక అలా చేశారు. యుద్ధానికి పనికొచ్చిన ఆ గుణమే తర్వాత సంసారానికీ పనికొచ్చింది.

ఇంగ్లండులో రోవర్ కార్ల కంపెనీ చీఫ్ ఇంజనీరు మారిస్ విల్క్స్‌కి వేల్సులో ఒక పొలం ఉండేది. అక్కడ పనులకి మిలిటరీ వాళ్ళ పాత జీపు వాడుకునేవాడు. అది ముసలిదైపోయాక దాని బదులు ఏం కొనాలా అని చూస్తే అలాంటిది మరొకటి లేదు. సరే, మనమే చేద్దామని 1947లో జీపు ఛాసిస్ మీదే ఒక ప్రయోగం చేశారు. మొదటి నమూనాకి స్టీరింగు ట్రాక్టరుకున్నట్టు నట్టనడుమ ఉండేది! యుద్ధానంతరం ఉక్కుకు కరువు కనుక ఒంటికి అల్యూమినియం రేకులు వాడారు. అలా 1948లో ల్యాండ్ రోవర్ పుట్టింది. 1970లో దానికి మెత్తటి స్ప్రింగులూ, పెద్ద ఇంజనూ అమర్చి రేంజ్ రోవర్ అన్నారు. పొలం బండి దొరల బండి అయింది. 2008లో ఆ కంపెనీని మన టాటా వాళ్ళు కొనేశారనుకోండి, అది వేరే సంగతి.

మన దేశంలో జీపు కథకు దేశ విభజన ముడిపడి ఉంది. 1945లో మహీంద్రా సోదరులిద్దరూ, గులాం మహమ్మద్ అనే ఆయనా కలిసి 'మహీంద్రా అండ్ మహమ్మద్' అని ఉక్కు వ్యాపారం పెట్టారు. 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల విడిభాగాలు తెచ్చి బిగించడం మొదలుపెట్టారు. మొదటి విడత డెబ్భై అయిదు బండ్లు. అంతలో పాకిస్తాన్ ఏర్పడింది. మహమ్మద్ గారు అక్కడికి వెళ్ళి మొట్టమొదటి ఆర్థిక మంత్రీ, తర్వాత గవర్నర్ జనరలూ అయ్యారు. 1948లో కంపెనీ పేరు 'మహీంద్రా అండ్ మహీంద్రా'గా మారింది. అందరూ మార్చిన మాటే చెబుతారు గాని, పాత పేరున్న ఆ బోర్డు దించిన పూట వాళ్ళేమనుకున్నారో అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

ఇక మా చిన్నాన్న జీపు. మిలిటరీ వాళ్ళు వేలం వేసిన బండ్లలో ఒకటి ఎన్నో చేతులు మారి మా ఊరొచ్చింది. అప్పటికి మాది విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా అయింది. దాని వెనక ట్రైలరు కట్టి బెల్లం దిమ్మలు అనకాపల్లి మార్కెట్టుకి తోలేవాడు. ఊళ్ళో ఎవరికి పురిటి నొప్పులొచ్చినా ఆ జీపే నర్సీపట్నం ఆస్పత్రికి పరుగెత్తేది.

ఆదివారం వచ్చిందంటే పెరట్లో గోనెపట్టా పరిచేవాడు. పానాలు వరసగా పేర్చేవాడు. ప్లగ్గులు విప్పి గరుకు కాగితంతో మసి గీకడం, చక్రాల బేరింగుల్లో గ్రీజు కూరడం, కార్బరేటరు పెట్రోలులో కడిగి ఆరబెట్టడం. పిన్ని కంచంలో నట్లూ బోల్టులూ విప్పిన వరసలోనే పెట్టేది. ఏది ఎక్కడిదో చిన్నాన్న మరిచిపోయినా ఆవిడ మరిచిపోయేది కాదు. అయినా మెకానిక్కు అన్న పేరు చిన్నాన్నకే వచ్చింది. (మీ ఇళ్ళలో ఏం జరిగిందో నాకు తెలీదు గాని, ఊహించగలను లెండి.)

1973లో అరబ్బు దేశాలు చమురు బిగించాక పెట్రోలు ధర చుక్కలనంటింది. జీపుల వాళ్ళందరికీ ఒకటే ఆలోచన, పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ ఇంజను పెట్టడం. తర్వాత కంపెనీ వాళ్ళే డీజిల్ జీపులు చేశారు, 1980ల్లో ఫ్రాన్సు ప్యూజో వాళ్ళ ఇంజను కూడా వచ్చింది. కాని పాత బండ్ల వాళ్ళు ఎవరికి తోచిన ఇంజను వాళ్ళు ఎక్కించుకున్నారు. వెనక బల్లలు పొడిగించారు, పైన ఇనప చట్రాలు బిగించారు. ఆ రోజుల్లో మార్పు చేయని బండే లేదు. అంతెందుకు, 1982లో ఎన్.టి. రామారావు గారు ఊరూరా తిరిగిన చైతన్యరథం మాత్రం ఏమిటి? పాత షెవర్లే వ్యానుకు పైన నిలబడి మాట్లాడే వేదిక కట్టించినదే కదా. కొడుకు హరికృష్ణ తోలేవారు.

చిన్నాన్న కూడా 1977లో డీజిల్ ఇంజను ఎక్కించాడు. బరువైనది. "మరి బ్రేకులో?" అని అడిగింది పిన్ని. ఆయన అన్న మాట మీకు చెప్పాను కదా.

మరుసటి ఏడు చింతపల్లిలో చుట్టాల ఇంట పెళ్ళికి వెళ్ళి వస్తున్నాం. జీపులో మేం పదకొండు మందిమి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి పోయే ఆ దారి సామాన్యమైంది కాదు. ఆ మన్యంలో రోడ్ల పనికి గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించడం అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకి ఒక కారణం. 1922 ఆగస్టు 22న ఆయన మొదట పట్టుకున్నది చింతపల్లి పోలీసు స్టేషనునే. ఆ ఘాటీ దిగుతుంటే కమురు వాసన వచ్చింది. చిన్నాన్న బ్రేకు తొక్కితే కాలు నేల దాకా పోయింది. ఎడమ పక్క లోయ. గేరు తగ్గించి, కుడి పక్క కొండ గట్టుకి బండిని రాసుకుంటూ పోనిచ్చి ఆపాడు. అందరం బతికాం. పిన్ని కుడి చెయ్యి విరిగింది.

ఇంజను ఒక్కటీ మారింది, ఆపే డ్రమ్ములు పాతవే. బరువుకు తోడు పొడుగాటి దిగుడు. డ్రమ్ములు కాలిపోయి, బ్రేకు ఆయిలు మరిగితే గొట్టాల్లో ఆవిరి పట్టి ఒత్తిడి అందదు. ఇది చిన్నాన్నకు తెలియని విషయం కాదు. జోరు మీద ఉన్న మనసు ఆపడం మీదకి పోలేదు, అంతే.

చెయ్యి అతుక్కున్నాక పిన్ని పాల లెక్కల పుస్తకం వెనక పేజీల్లో బండి లెక్క రాయడం మొదలుపెట్టింది. ఆయిలు మార్చిన తేదీ, బ్రేకు లైనింగు వేసిన తేదీ, టైర్లలో గాలి. ఆ లెక్క చూడకుండా బండి ఘాటీ ఎక్కడానికి వీల్లేదు.

మా వాడికి ఇదంతా చెప్పి, నాకు తెలిసినంతలో విడమర్చాను. తిరగలిని అంచు దగ్గర పట్టి ఆపడం సులువు, మధ్య గూటం దగ్గర పట్టి ఆపడం కష్టం. బ్రేకు పట్టేది చక్రం మధ్యలోనే కనుక, టైరు పెద్దదైతే దానికి అంత శ్రమ. పైగా పెద్ద టైరు ఒక్క చుట్టుకే ఎక్కువ దూరం పోతుంది, స్పీడు చూపే ముల్లుకి ఆ సంగతి తెలీదు. బండిని ఎత్తు చేస్తే నెత్తి మీద బిందె మీద బిందె పెట్టుకుని మలుపు తిరిగినట్టే. ఇక చట్టమా, కంపెనీ ఇచ్చిన రూపం మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పేసింది. అదే ఏడు చట్టం సవరించి, ఒక్కో మార్పుకీ అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు అన్నారు.

"అయితే ఇంట్లో మనం చేసుకోడానికి ఏటీ లేనట్టేనా?" అన్నాడు, ముఖం చిన్నబుచ్చుకుని.

నిజమే, జీపులా ఇవాళ్టి ఇంజను మన చేతికి దొరకదు. మూత తీస్తే మరో మూత. అది నాకూ కష్టంగానే ఉంది. కాని ఎర్రమట్టి రోడ్లలో తిరిగే బండికి గాలి జల్లెడ తరచు దులపాలి. వారానికోసారి చల్లటి ఇంజను మీద కూలెంటు, ఆయిలు చూడాలి. వానాకాలం ఉప్పు చెమర్చినట్టు బ్రేకు ఆయిలు తేమ పీల్చుకుంటుంది, రెండేళ్ళకోసారి మార్పించాలి. ఎక్కిన గేరులోనే ఘాటీ దిగాలి.

పిన్ని పుస్తకం అటక మీద ఉంది. చెద కొంత తినేసింది. "బ్రేకు ఆయిలు మార్చాం. మరిచిపోవద్దు" అన్న చోట ఆవిడ అక్షరాలు వంకర టింకరగా ఉన్నాయి. ఎడమ చేత్తో రాసింది కాబోలు.

మా వాడు ఆ పేజీని ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. పెద్ద టైర్ల మాట మళ్ళీ ఎత్తలేదు గాని, మానేశాడని కూడా చెప్పలేను. బ్రేకు ఆయిలు మాత్రం కనుమ మర్నాడే మార్పించాడు. ఆ డబ్బులు నేనే ఇచ్చాను.