తలుపు తీసినవాళ్ళు

శత్రువుల చేతిలో ఉన్న నేల మీద విమానం కూలిపోయి, ప్రాణాలతో తప్పించుకొచ్చిన పైలట్ల కథలంటే నాకు చిన్నప్పట్నుంచీ పిచ్చి. పారాచూట్, చీకట్లో పొలాలు, దూరంగా కుక్కల అరుపులు, ఎవరో తలుపు తీయడం. కథ అక్కణ్ణుంచి పైలట్ వెంటే పోతుంది. తలుపు తీసినావిడ ఏమైందో ఎవరూ చెప్పరు. ఆ ప్రశ్న వెంట పోతే నాకు దొరికిన పేరు ఆంద్రే ద యోంగ్.

1941 ఆగస్టు. బ్రసెల్స్‌కి చెందిన ఈ 24 ఏళ్ళ అమ్మాయి స్పెయిన్‌లోని బిల్బావోలో బ్రిటిష్ కాన్సులేట్‌కి వెళ్ళింది. వెంట ఒక స్కాటిష్ సైనికుడు, ఇద్దరు బెల్జియన్లు. జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సంతా దాటించి, పిరెనీస్ కొండలెక్కించి తీసుకొచ్చానంది. వాళ్ళు నమ్మలేదు, జర్మన్ల ఎత్తేమో అనుకున్నారు. ఆమె అడిగింది ఖర్చులకి డబ్బులే. మనుషుల్ని తాము చూసుకుంటామంది.

అలా మొదలైందే కొమెట్ లైన్. కూలిన విమానాల్లోంచి బయటపడ్డవాళ్ళని బ్రసెల్స్‌లో ఇళ్ళలో దాచేవారు. దొంగ కాగితాలు, పాత బట్టలు ఇచ్చి రైల్లో పారిస్‌కి, అక్కణ్ణుంచి సరిహద్దుకి. ఆపైన ఫ్లొరెంతీనో అనే బాస్క్ స్మగ్లర్ దారి చూపేవాడు. రాత్రంతా కొండ నడక, చివర్లో బిదసోవా నది. ఈ దళం నినాదం ‘కొట్టకుండానే పోరాడు’.

పైలట్ పట్టుబడితే, మెడలో బిళ్ళ చూపించి సైనికుణ్ణని చెప్పుకోవచ్చు. ఎక్కువమంది యుద్ధఖైదీల శిబిరాలకే వెళ్ళారు. దాచినవాళ్ళకి ఆ బిళ్ళ లేదు కదా! వాళ్ళకి రాసిపెట్టింది కాల్చివేతో, కాన్సెంట్రేషన్ క్యాంపో.

1943 జనవరి 15. వాన దంచేస్తోంది, నది పొంగింది. ఆంద్రే ముగ్గురు ఎయిర్‌మెన్‌తో యురూన్య్ దగ్గర ఫ్రాంచా అనే వితంతువు ఇంట్లో ఆగింది. ఎవరో కబురందించారు. అందరూ దొరికిపోయారు. నాన్నని కాపాడటానికి ఆంద్రే ‘ఈ దళానికి నాయకురాల్ని నేనే’ అని ఒప్పేసుకుంది. ఇంత చిన్నపిల్లా అని జర్మన్లు నమ్మలేదట! ఆ అపనమ్మకమే ఆమె ప్రాణం కాపాడిందనుకుంటా. రావెన్స్‌బ్రూక్, మౌత్‌హౌసెన్ క్యాంపుల్లోంచి బతికి బయటపడింది. నాన్న ఫ్రెదరిక్‌ని మాత్రం 1944 మార్చిలో కాల్చేశారు. ముగ్గురు పిల్లల తల్లి ఫ్రాంచా 1945 ఏప్రిల్‌లో రావెన్స్‌బ్రూక్‌లోనే చనిపోయింది. యుద్ధం ముగియడానికి నెల కూడా లేదు.

ఈ దారి దాదాపు 800 మందికి సాయపడింది. ఆంద్రే స్వయంగా 118 మందిని దాటించింది. దళంలో చనిపోయినవాళ్ళు 150కి పైనే. ఈ లెక్క సరిపోయిందా అని అడగబుద్ధేస్తుంది. కానీ అడిగే హక్కు నాకుందా? ఫ్రాంచా పిల్లలకైతే ఉంది.

యుద్ధం తర్వాత ఆంద్రే నర్సుగా కాంగో, కామెరూన్, ఇథియోపియా, సెనెగల్‌లలో కుష్ఠురోగులకి సేవ చేసింది. 2007లో, 90 ఏళ్ళ వయసులో పోయింది. ఇంట్లోకి రానివ్వడానికి లోకం భయపడే మనుషుల దగ్గరికే ఆమె మళ్ళీ వెళ్ళింది.

ఇప్పటికీ అలాంటి సినిమాలు చూస్తాను. పైలట్ తలుపు కొట్టగానే మాత్రం నా చూపు లోపలున్నావిడ మీదకి పోతుంది. గొళ్ళెం మీద చెయ్యేసి ఆమె ఆగే ఆ ఒక్క క్షణం మీదకి.