చరిత్రలో కలిసిన చోళవరం మోటారు పందేల బాట

కామవరపుకోట: రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆంగ్లేయ ప్రభుత్వం దక్షిణాదిన పలుచోట్ల విమానాల కోసం రన్‌వేలు నిర్మించింది. తాడేపల్లిగూడెంలోని పాత రన్‌వే వాటిలో ఒకటి. అదే కోవకు చెందిన మరొకటి చెన్నైకి ఉత్తరాన చోళవరంలో ఉంది. ఏలూరు నుంచి నెల్లూరు, తడ మీదుగా చెన్నై వెళ్లే లారీలు ఆ ఊరి మీదుగానే రెడ్‌హిల్స్ చేరుకుంటాయి. యుద్ధానంతరం గూడెం రన్‌వే నిరుపయోగంగా మిగిలిపోగా, చోళవరం రన్‌వే మూడు దశాబ్దాలకు పైగా మోటారు సైకిళ్లు, కార్ల పందేలకు దేశంలోనే పేరెన్నికగన్న వేదికగా వెలుగొందింది. నేటి యువతకు మాత్రం ఆ పేరు దాదాపుగా తెలియదు.

చోళవరం అనగానే చెన్నైకి తాగునీరిచ్చే చెరువు గుర్తుకు రావడం సహజం. తెలుగుగంగ ద్వారా పూండి జలాశయానికి చేరే కృష్ణా జలాలు అక్కడి నుంచి అనుసంధాన కాలువ ద్వారా ఈ చెరువుకూ, పుళల్ చెరువుకూ వెళతాయి. పందేలు జరిగిన రన్‌వే కూడా ఆ ప్రాంతంలోనిదే.

స్పీడ్‌వే వేరు, ఇది వేరు

మోటారు సైకిళ్ల పందేలన్నీ ఒకే తీరున ఉండవు. విదేశాలలో 'స్పీడ్‌వే' అని పిలిచే క్రీడకు ప్రత్యేకమైన స్టేడియం అవసరం. కోడిగుడ్డు ఆకారంలో, సుమారు 250 నుంచి 400 మీటర్ల చుట్టుకొలతతో మట్టిబాట ఉంటుంది. నలుగురు రౌతులు నాలుగు చుట్లు తిరుగుతారు. మలుపులన్నీ ఎడమవైపే. 500 సీసీ యంత్రం మిథనాల్‌తో నడుస్తుంది. ఒకటే గేరు, అసలు బ్రేకులే ఉండవు. మలుపు వద్ద వెనుక చక్రాన్ని మట్టిలో జారనిస్తూ బండిని తిప్పడమే ఇందులోని నేర్పు. 1923లో ఆస్ట్రేలియాలోని వెస్ట్ మైట్‌లాండ్ వ్యవసాయ ప్రదర్శనలో జరిగిన పందేల నుంచి ఈ క్రీడ ప్రాచుర్యం పొందింది. 1928 నాటికి ఇంగ్లాండు చేరి, పారిశ్రామిక నగరాలలో వేలాది జనాన్ని ఆకర్షించింది. అక్కడా ఆ స్టేడియాలు పలుచోట్ల కనుమరుగయ్యాయి. లండన్‌లోని వెస్ట్ హామ్ స్టేడియాన్ని 1972లో కూల్చివేశారు. మాంచెస్టర్‌లోని హైడ్ రోడ్ స్టేడియం 1987లో మూతపడింది.

ఈ క్రీడకు పేరుమోసిన యంత్రాలను తయారుచేసినది చెకొస్లొవేకియాకు చెందిన జావా సంస్థే కావడం విశేషం. ఆ జావాలనే 1960ల తొలినాళ్ల నుంచి మైసూరులో మన దేశీయ అవసరాలకు తయారుచేశారు. తర్వాత అవే 'యెజ్డీ'లయ్యాయి. 1996లో ఆ కర్మాగారం మూతపడింది. బండి మనకు వచ్చింది గానీ దాని క్రీడ రాలేదు. మన దేశంలో మోటారు పందేలు మట్టి స్టేడియాలలో కాక, విమానాల రన్‌వేల మీద వేళ్లూనుకున్నాయి. కలకత్తా వద్ద బారక్‌పూర్, బొంబాయిలో జుహూ, మద్రాసుకు చోళవరం అలా వేదికలయ్యాయి.

ఏడాదికి రెండు రోజులు

1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ చోళవరం పందేలకు సారథ్యం వహించింది. ఏటా ఫిబ్రవరిలో జరిగే అఖిల భారత పోటీలు ప్రధాన ఆకర్షణ. సంక్రాంతికి మన వైపు పొలాలలో మూడు రోజులపాటు బరులు వెలిసి మాయమైనట్లే, అక్కడ కూడా పందెపు బాట రోజుల వ్యవధిలో వెలిసేది. రన్‌వేల మీద డ్రమ్ములు, గడ్డిమోపులు, పాత టైర్లు పేర్చి మలుపులు గుర్తించేవారు. పోటీలు ముగియగానే అది మళ్లీ ఖాళీ రన్‌వే. పక్కా గ్యాలరీలు లేకున్నా వేల సంఖ్యలో ప్రేక్షకులు ఎండలో నిలబడి తిలకించేవారు. శ్రీలంక నుంచి సైతం పోటీదారులు తరలివచ్చేవారు.

గోండల్ మహారాజా వంటి సంస్థానాధీశులు విదేశీ కార్లతో పాల్గొన్నారు. 1980ల తొలినాళ్లలో విజయ్ మాల్యా ఎన్‌సైన్ అనే ఫార్ములా వన్ కారును ఇక్కడ నడిపారు. కోయంబత్తూరుకు చెందిన కరివర్ధన్ మారుతి యంత్రాలతో తక్కువ ఖర్చులో పందెపు కార్లను రూపొందించి, సామాన్య ఔత్సాహికులకూ అవకాశం కల్పించారు. అయితే చోళవరం అసలు గొప్పతనం ఈ ప్రముఖులలో కన్నా, రోడ్డు మీద తిరిగే మామూలు బండికి స్థానం కల్పించడంలో ఉందని చెప్పాలి. దిగుమతులపై ఆంక్షలున్న ఆ రోజుల్లో తిరువొత్తియూరు ఎన్‌ఫీల్డ్ బుల్లెట్లు, యెజ్డీలు, స్కూటర్లు, చివరికి మోపెడ్లు సైతం మెకానిక్‌ల చేతిలో రూపుమార్చుకుని బరిలో దిగేవి. 1983లో రాజ్‌దూత్ 350, 1985లో యమహా ఆర్‌ఎక్స్ 100 మార్కెట్లోకి వచ్చాక వేగం పెరిగింది. 1982లో మొదలైన టీవీఎస్ రేసింగ్ విభాగంతో కంపెనీలే నేరుగా జట్లను దింపే ఒరవడి బలపడింది.

ఎందుకు ఆగిపోయింది?

రన్‌వే విమానాల కోసం కట్టినది. దాని పొడవాటి తిన్నని దారిలో బండి అత్యధిక వేగం అందుకుని, ఒక్కసారిగా మలుపు తీసుకోవలసి వచ్చేది. అదుపుతప్పితే ఆపేది గడ్డిమోపులే. జనానికీ బాటకూ నడుమ దూరం కూడా స్వల్పమే. యంత్రాల శక్తి పెరిగేకొద్దీ ఈ ఏర్పాటు చాలకుండా పోయింది. పైగా ఆ స్థలం క్లబ్ సొంతం కాదు. శాశ్వత నిర్మాణాలకు వీలు లేదు. దాంతో క్లబ్ శ్రీపెరుంబుదూరు సమీపాన ఇరుంగాట్టుకోట్టైలో సొంత స్థలంలో సుమారు 3.7 కిలోమీటర్ల ట్రాక్ నిర్మించింది. 1990లో అది ప్రారంభం కావడంతో చోళవరం శకం ముగిసింది.

తెలుగు నేలపై ఇటువంటి శాశ్వత వేదిక పేరు తెచ్చుకున్నది లేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ తీరాన సుమారు 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్‌పై ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెం జరిగింది. 2024లో జరగవలసిన రెండో పందెం రద్దయింది. అక్కడా రహదారిని తాత్కాలికంగా మలిచారే తప్ప ట్రాక్ కట్టలేదు. ఫలితంగా, వేగంపై మోజున్న మన కుర్రవాళ్లకు జాతీయ రహదారులూ, ఊరి బయటి రోడ్లే పందెపు బాటలవుతున్నాయి. చోళవరంలో కనీసం ఎదురుగా లారీ వచ్చేది కాదు.

తాడేపల్లిగూడెం రన్‌వే విషయానికి వస్తే, దానిని విమానాశ్రయంగా పునరుద్ధరించాలన్న ప్రతిపాదన పలుమార్లు తెరపైకి వచ్చింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం పరిశీలనకు తీసుకున్న కొత్త విమానాశ్రయాల జాబితాలోనూ గూడెం పేరు ఉంది.