నడిమిట్ల కొట్టే ఇంజను

ఢబ్!

కాళ్ల కింద పలకలు అదురుతాయి. పడవ ఒక్క క్షణం తడబడి మళ్లీ ముందుకు దూకుతుంది. చుక్కాని పట్టుకున్న పడవాయన నీ వైపు తిరుగుతాడు.

"ఇన్నవా అన్నా? గిదే. ఒడ్డుకు కట్టేసి ఎంతసేపు రేస్ చేసినా కొట్టదు. నడిమిట్లకు రాంగనే షురూ చేస్తది."

విన్నావు. ఇది వినడానికే సిరికొండ నుంచి బండి మీద వచ్చావు. కప్పలవాగు పక్క పొలాల్లో పంపుసెట్ల ఇంజన్లు విప్పి బిగించిన చేతులు నీవి. ఇప్పుడు నువ్వున్నది నందిపేట మండలం ఉమ్మెడ దగ్గర, శ్రీరాంసాగర్ వెనుక జలాల్లో. సెప్టెంబరు సాయంత్రం. ఎగువన మహారాష్ట్రలో బాబ్లీ బ్యారేజీ గేట్లు జులై 1న ఎత్తారు, ఇక్కడ ప్రాజెక్టు 1091 అడుగుల నిండు మట్టానికి దగ్గరగా ఉంది. ఎండాకాలం పశువులు మేసిన నేల ఇప్పుడు గడ వేసినా అందదు.

పడవ నడుమ చెక్కపెట్టెలో ఇంజను ఉంది. పాత కారుది, పెట్రోల్ ఇంజను, మూడు సిలిండర్లు. ఇరుసు ఒకటి అడుగు గుండా వెళ్లి నీళ్లలో పంకాను తిప్పుతుంది. పెట్టె మూత మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంది, వణుకుతోంది.

మొదటి ప్రశ్న: దెబ్బ ఎక్కడ పడింది? వెనుక పొగగొట్టంలోనా, పైన కార్బరేటర్‌లోనా? వెనుక కొడితే కాలకుండా పోయిన పెట్రోల్ వేడి గొట్టంలో అంటుకున్నట్టు. పైన కొడితే మంట సిలిండరు లోపలే కాలాల్సింది పోయి, పెట్రోల్ వచ్చిన దారినే ఎదురు తిరిగినట్టు. చెవి పెట్టెకు దగ్గరగా పెట్టు.

ఢబ్!

పైనే.

పైన కొట్టే ఇంజనుకు మామూలుగా పెట్రోల్ చాలడం లేదని అనుమానిస్తాం. చోక్ సగం లాగు. పెట్రోల్ పాలు పెరుగుతుంది. కరువు దానిదే అయితే కొట్టడం తగ్గాలి. లెక్కపెట్టుకుంటూ ఆగు. ఇంజను బరువుగా దగ్గుతుంది, నల్లపొగ కక్కుతుంది. ఢబ్! తగ్గలేదు. చోక్ తోసెయ్.

మరి పెట్రోల్‌లో నీళ్లు? అది పొద్దున ఒడ్డునే చూశావు. ట్యాంకు అడుగు నుంచి గాజుసీసాలోకి పట్టి, నీడలో పెట్టి, వెలుతురుకు ఎదురుగా ఎత్తావు. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది కొంత నీటిని తనలో కలుపుకుంటుంది. హద్దు దాటితే నీళ్లూ ఇథనాల్ కలిసి విడిపోయి ట్యాంకు అడుగున చేరతాయి. అల వచ్చి పడవ ఊగితే ఆ అడుగుది గొట్టంలోకి పోయి ఇంజను మిస్సవుతుంది. కానీ సీసాలో గీత కనపడలేదు. పెట్రోల్ శుభ్రంగానే ఉంది.

గాలి లేస్తుంది. పడమటి గాలి. నీటి తుంపర పెట్టె సందుల్లోంచి లోపలికి కొడుతోంది.

"అన్నా, అలలు లేసినప్పుడు ఎక్కువ కొడతది."

ఆ మాట పట్టుకో. ఒడ్డున కొట్టదు. బరువు పడితే కొడుతుంది. తడి తగిలితే ఇంకా కొడుతుంది. ఇది పెట్రోల్ సంగతి కాదు, కరెంటు సంగతి.

చూడాలి. పెట్టె మూత ఎత్తు.

ఢబ్!

కార్బరేటర్ నోట్లోంచి జానెడు మంట. పసుపు, అంచున నీలం. నీ మొహానికి వేడి తగులుతుంది. ఇంజను ఆగిపోతుంది. మంట ఆగదు. కార్బరేటర్ అంచున నిలబడి కాలుతోంది.

పడవాయన నీళ్ల డబ్బా ఎత్తుతాడు.

"నీళ్లొద్దు తమ్మీ!"

మండే పెట్రోల్ నీళ్ల మీద తేలుతుంది. నీళ్లతో పాటు పడవంతా పాకుతుంది. పెట్రోల్ కాక్ తిప్పు. కట్టెయ్. తడి గోనెసంచి. అదే. కార్బరేటర్ మీద కప్పు. నొక్కు. చేతులు తీయకు. గాలి అందనీయకు.

పొగ. వాసన. చల్లారింది.

కార్లలో గాలి ఫిల్టరు డబ్బా ఉంటుంది. ఇక్కడ దాన్ని ఎవరో తీసేశారు, ఉత్త మూతి మిగిలింది. పడవల్లో ఆ మూతికి మంటను ఆపే లోహపు జాలి ఉండాలి. జ్వాల దాని సందుల్లోంచి పోతూ వేడి కోల్పోయి చచ్చిపోతుంది. అమెరికాలో 1940 నుంచే పడవ లోపల బిగించిన పెట్రోల్ ఇంజన్లకు అలాంటి రక్షణ తప్పనిసరి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు. రోడ్డు మీది కారులోనైతే కిందికి జారి పోతుంది. పడవలో ఎక్కడికి పోతుంది? నీ పాదాల దగ్గరే కూర్చుంటుంది.

ఇంజను లేని పడవను గాలి తోస్తోంది. ఎదురుగా నీళ్లలోంచి లేచిన తుమ్మ మోడులు. ఉన్నది ఒక్క తెడ్డు.

"సెల్ఫ్ కొట్టమంటవా?"

వద్దు. ఇప్పుడే వద్దు. పలకలన్నీ తీయించు. అడుగంతా గాలి ఆడనీ. ముక్కు కింది దాకా దించి వాసన చూడు. ఉంది. ఆగు. మళ్లీ చూడు. తగ్గింది. ఇంకా ఆగు. పడవాయన తెడ్డుతో మోడులకు ఎడంగా తిప్పుతున్నాడు.

కరెంటు లీకేజీని పట్టడానికి మెకానిక్కులకు తెలిసిన కిటుకు ఒకటుంది. చీకట్లో ఇంజను నడిపిస్తే పాకే నీలం నిప్పులు కంటికి కనిపిస్తాయి. ఒడ్డునైతే అదే చేసేవాడివి. పెట్రోల్ వాసన ఉన్న పడవలో మూత తెరిచి ఆ పని చేయకూడదు. బ్యాటరీ తీగ విప్పెయ్. డిస్ట్రిబ్యూటర్ మూత ఊడదీసి సెల్‌ఫోన్ లైటు కింద తిప్పి చూడు.

లోపల చెమట పట్టినట్టు సన్నని నీటి బొట్లు. తుడువు. ఇప్పుడు కనిపిస్తుంది. ఒకటో నంబరు ముల్లు నుంచి మూడో నంబరు ముల్లు దాకా, పెన్సిలుతో గీసినట్టు ఒక నల్లగీత. సన్నని పగులు, దాంట్లో కాలిన బొగ్గు. బొగ్గు కరెంటుకు దారి.

ఈ ఇంజను మండే వరుస ఒకటి, మూడు, రెండు. ఒకటో సిలిండరులో నిప్పు పడే క్షణంలో మూడోది ఇంకా గాలీ పెట్రోలూ పీల్చుకుంటూనే ఉంటుంది. దాని వాల్వు బార్లా తెరిచి ఉంటుంది. ఒకటోదానికి పోవాల్సిన నిప్పు గీత వెంట పాకి అక్కడ పడితే, తెరిచిన వాల్వులోంచి మంట కార్బరేటర్‌లోకి తన్నుతుంది.

మరి ఒడ్డున ఎందుకు కొట్టదు? బరువు లేని ఇంజనులో సిలిండరు ఒత్తిడి తక్కువ. ప్లగ్గు సందును నిప్పు తేలిగ్గా దూకేస్తుంది. నడి నీళ్లలో రేస్ పెంచితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, దూకడం కష్టమవుతుంది. అప్పుడు కరెంటు సులువైన దారి వెతుక్కుంటుంది. తడి ఉంటే ఆ దారి ఇంకా సులువు.

బ్లేడుతో గీత గీకు. బొగ్గంతా రాలేదాకా. కండువా పొడి కొసతో మూత, రోటర్, ప్లగ్గు తీగలు అన్నీ తుడువు. బిగించు. కాళ్ల దగ్గర మరోసారి వాసన చూడు. లేదు. బ్యాటరీ తగిలించు, కాక్ తెరువు. పెట్టె మూయించు. గోనెసంచి చేతిలో పెట్టుకో.

"ఇప్పుడు కొట్టు."

అందుకుంది. గేరు. మోడులు పక్కకు జరుగుతున్నాయి. పడవాయన చెయ్యి అలవాటుగా రేస్ మీదికి పోతుంది. చీకటి పడుతోంది, ఇంటికి చేరాలని అతని తొందర.

"పావు రేస్ మీదనే పోనియ్యి తమ్మీ. పగులు ఇంకా ఉన్నది. బరువు పడితే మల్ల పాకుతది."

ఇంజను సన్నగా, నిలకడగా నడుస్తోంది. ఒక్క దెబ్బ లేదు. ఉమ్మెడ గుడి దీపాలు మెల్లగా దగ్గరవుతున్నాయి.

"రేపు నిజామాబాద్ పోయి కొత్త మూత, రోటర్, తీగల సెట్టు పట్టుకరా. అరగంటల ఏసిస్త. పడవ ఇంజన్ల మంట జాలి గూడ దొరకపట్టాలె."

"ఎల్లుండి జనం దర్శనానికి పోతరన్నా. మూత ఒక్కటేసి ఎక్కిస్తే పాయె గదా?"

"జాలి పడేదాకా ఒక్కర్ని గూడ ఎక్కియ్యకు. అడిగితే నేనే వద్దన్నానని చెప్పు."