‘ఎ వెన్స్‌డే’: పొదుపైన కథనం, దాటవేసిన విచారణ

నీరజ్ పాండే తొలి చిత్రం ‘ఎ వెన్స్‌డే’ 2008 సెప్టెంబరులో విడుదలై, తొలి దర్శకుడి ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. కథంతా ముంబయిలో ఒక బుధవారం మధ్యాహ్నం రెండింటికీ సాయంత్రం ఆరింటికీ నడుమ జరుగుతుంది. కడుతున్న భవనం పైకప్పు మీద నసీరుద్దీన్ షా, పోలీసుల కంట్రోల్ రూములో కమిషనర్‌గా అనుపమ్ ఖేర్, ఇద్దరినీ కలిపే ఒక ఫోను. పాటల్లేవు, నిడివి రెండు గంటల లోపే. చిన్న బడ్జెట్ ఈ కథకు మేలే చేసింది. పేలుళ్లను భారీగా చూపే స్తోమత లేని చిత్రం భయాన్ని గొంతులోకి, ఎదురుచూపులోకి మళ్లించింది. నగరమంతా బాంబులు పెట్టానంటూ నలుగురు ఉగ్రవాదులను అప్పగించమన్న మనిషి, ఇంటినుంచి వచ్చిన ఫోనుకు మామూలు గృహస్థులా బదులిస్తాడు. అతను కోరింది వాళ్ల విడుదల కాదు, చావు అని తెలిసేసరికి ప్రేక్షకుడు అతని పక్షాన చేరిపోయి ఉంటాడు. నటన, కూర్పు కలిసి సాధించిన ఈ మలుపు ఆ దశాబ్దపు హిందీ థ్రిల్లర్లలో అరుదైనది.

అయితే చిత్రానికి బిగువునిచ్చిన ఈ క్లుప్తతే న్యాయ విచారణను కథ బయట నిలిపేసింది. నలుగురి నేరం ముందే తేలిపోయిన సంగతిగా వస్తుంది. సాక్ష్యం, వాదన, అనుమానం ఎక్కడా కనిపించవు. కథలో వాళ్లు నిజంగానే దోషులు కదా, కల్పనను కోర్టు తీర్పుతో కొలవడమేమిటని అడగవచ్చు. కల్పనగానే మిగిలితే ఆ ప్రశ్న న్యాయమే. కానీ కథానాయకుడి కోపానికి మూలం 2006 జులై 11న ముంబయి లోకల్ రైళ్లలో జరిగిన పేలుళ్లు. ఆ కేసులో 2015లో శిక్షపడిన పన్నెండుమందిని బొంబాయి హైకోర్టు 2025 జులైలో నిర్దోషులుగా ప్రకటించింది; ఆ తీర్పును ఇతర కేసుల్లో ఆధారంగా తీసుకోరాదని సుప్రీంకోర్టు ఆ వెంటనే ఆదేశించింది. జాప్యం బాధితులకు ఎంత క్రూరమో చిత్రం సరిగ్గానే పట్టుకుంది. తొందర ఎవరిని బలిగొంటుందో మాత్రం చూడలేదు.

కథానాయకుడి మతం ఏమిటో చెప్పకపోవడాన్ని, ఆరిఫ్ వంటి ముస్లిం పోలీసు అధికారిని నిలబెట్టడాన్ని సమర్థకులు గుర్తుచేస్తారు. అవి చిత్తశుద్ధితో చేసిన ఎంపికలేనని నా అభిప్రాయం. అయినా చంపాల్సిన నలుగురికీ ముస్లిం పేర్లే ఉన్నాయి. పైగా ఆ మనిషిని గుర్తుపట్టీ వదిలేసేది కమిషనరే. దాంతో సామాన్యుడి ఆక్రోశం రాజ్యం ఆమోదించిన తీర్పుగా మారిపోతుంది.

2009లో కమల్‌హాసన్, వెంకటేశ్ నటించిన ‘ఈనాడు’ ఈ కథనే హైదరాబాదుకు తెచ్చింది. 2007 మే నెలలో ఆ నగరంలోనే జరిగిన మక్కా మసీదు పేలుడు తర్వాత పోలీసులు పట్టుకెళ్లిన ముస్లిం యువకులపై ఆరోపణలు కోర్టుల్లో నిలవలేదు. ఆ తర్వాత దర్యాప్తు హిందూ అతివాదుల వైపు మళ్లింది. విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ 2018లో ప్రత్యేక కోర్టు విడిచిపెట్టింది. ఆ పేలుడులో అసలు దోషులెవరో ఏ న్యాయస్థానమూ తేల్చలేదు. అదే నగరంలో ‘ఈనాడు’ నాయకుడికి మాత్రం ఎవరిని చంపాలో ముందే తెలుసు.