విడాల్ పరీక్ష

విడాల్ పరీక్ష టైఫాయిడ్ నిర్ధారణకు చేసే రక్తపరీక్ష. టైఫాయిడ్‌ను కలిగించే సాల్మొనెల్లా టైఫీ బాక్టీరియా మీద పోరాడటానికి ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు రక్తంలో ఏపాటి ఉన్నాయో దీనిలో చూస్తారు. నాలుగు రోజులు జ్వరం విడవకపోతే తెలుగు ఊళ్లలో డాక్టరు చీటీ మీద తరచు కనిపించే పేరు ఇదే.

ఒక బాక్టీరియా మీద నిరోధకత పొందిన జీవి రక్తరసి తగిలితే ఆ బాక్టీరియా గుంపుకడుతుందని, దాన్నిబట్టి అది ఏ బాక్టీరియానో పోల్చుకోవచ్చని 1896లో వియన్నాలో గ్రూబర్, డర్హామ్‌లు చూపించారు. అదే ఏడాది పారిస్ వైద్యుడు ఫెర్నాండ్ విడాల్ ఆ పద్ధతిని తిరగేశాడు. తెలిసిన బాక్టీరియాను తీసుకుని, జబ్బేమిటో తెలియని రోగి రక్తరసిని దానికి కలిపాడు.

చిన్న ల్యాబుల్లో ఇప్పుడు చేసేది స్లైడు పద్ధతి. గాజుపలక మీద గుండ్రటి గళ్లలో ఒక్కో చుక్క రక్తరసి వేసి, పక్కనే చంపిన బాక్టీరియాతో తయారైన రంగు ద్రావణం వేసి, పుల్లతో కలిపి, ఒక నిమిషం పాటు పలకను అటూ ఇటూ వంచుతారు. యాంటీబాడీలుంటే ఆ చుక్క విరిగిన పాలలా పలుకులు కడుతుంది. లేకపోతే నున్నగానే ఉంటుంది. ట్యూబు పద్ధతికి ఎక్కువ సమయం పడుతుంది కానీ లెక్క దానిలోనే నికరంగా తేలుతుంది. రక్తరసిని 1:20, 1:40, 1:80, 1:160 అంటూ రెట్టింపుగా పలచన చేసుకుంటూ పోయి, ఎంతవరకు గుంపుకట్టిందో ఆ అంకెను రిపోర్టులో రాస్తారు. 'ఓ' అంటే బాక్టీరియా ఒంటికి సంబంధించిన యాంటీబాడీ, 'హెచ్' అంటే దాని తోకలకు సంబంధించినది.

తంటా అంతా ఆ అంకెను చదవడంలోనే ఉంది. యాంటీబాడీలు బయటపడటానికి దాదాపు వారం పడుతుంది కనుక రెండోరోజే రక్తం ఇస్తే ఫలితం ఉత్తదే. ముందే యాంటీబయాటిక్ మింగినా అంకె పెరగకపోవచ్చు. మరోపక్క, ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్ తాలూకు 'హెచ్' చాలాకాలం నిలిచి ఉంటుంది. మలేరియాలోనూ ఒక్కోసారి పాజిటివ్ చూపిస్తుంది. టైఫాయిడ్ ఎక్కువగా ఉండే మన ప్రాంతాల్లో ఆరోగ్యవంతుల్లోనూ 1:40, 1:80 కనిపించడం వింతేమీ కాదు. కాబట్టి ఒక్క రిపోర్టు చూసి మందులు మొదలుపెట్టడం తొందరపాటే. పది పద్నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు చేసి, అంకె నాలుగింతలైతేనే గట్టి ఆధారం. అన్నాళ్లు ఆగే రోగి ఎక్కడ దొరుకుతాడన్నది వేరే ప్రశ్న.

నమ్మకమైన దారి బ్లడ్ కల్చర్. మొదటి యాంటీబయాటిక్ మాత్రకు ముందే రక్తం తీసి బాక్టీరియాను పెంచి చూస్తారు. అదీ అందరిలో పట్టుబడదు. పట్టుబడితే మాత్రం ఏ మందుకు లొంగుతుందో కూడా తెలుస్తుంది.

బాక్టీరియాను మొత్తంగా చంపి చేసిన పాతకాలపు టైఫాయిడ్ టీకాలు వేయించుకున్నవారిలో విడాల్ పాజిటివ్ వచ్చేది. హైదరాబాదు భారత్ బయోటెక్ తయారుచేసిన కొత్త టీకా టైప్‌బార్-టీసీవీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 డిసెంబరులో ముందస్తు అర్హత ఇచ్చింది. బాక్టీరియా పైపొరలోని 'వీఐ' పదార్థంతో చేసిన టీకా కనుక అది 'ఓ', 'హెచ్' అంకెలను పెంచదు.