సంస్థానం గడప దాటిన పుస్తకం

మిత్రుడి కొత్త పుస్తకం అచ్చయి వస్తే వేదిక, శాలువా, ముఖ్య అతిథి ఏవీ లేకుండా నలుగురు దోస్తులు కొత్తకోట లాంటి ఊళ్లోని బార్‌లో ఒక బల్ల చుట్టూ చేరి సంబురం చేసుకుంటారు. ఇది సాహిత్యానికి తలవంపని నొచ్చుకునే పెద్దలున్నారు. వారి మాటలో సగం న్యాయముంది. మిగతా సగానికి కొత్తకోట చుట్టుపక్కల చరిత్రే జవాబు చెబుతుంది. ఇటు వనపర్తి, అటు ఆత్మకూరు, కృష్ణ దాటితే గద్వాల, ఇంకోవైపు కొల్లాపురం. నూరేళ్ల కింద ఈ ప్రాంతంలో కవికి ఈ సంస్థానాలే దిక్కు. కావ్యం ప్రభువుకు అంకితమిస్తే సత్కారం దక్కేది. తిరుపతి వేంకట కవులంతటి వారు కూడా ఈ కొలువులకు వచ్చి అవధానాలు చేశారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో తెలుగు పద్యాన్ని బతికించిన ఆ ఆదరణను తక్కువ చేయలేం. అయితే పుస్తకం వెలువడిన సంతోషం దొరవారి దయ మీద ఆధారపడేది. మామూలు పాఠకుడికి అందులో చోటే లేదు.

ఆ చోటు కల్పించినవారిలో గద్వాల ప్రాంతపు ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి ముందుంటారు. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. అక్కడ పీఠం ఎక్కింది కవులే, ప్రభువు కాదు. నల్లగొండ జిల్లాలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి ఇంకో అడుగు వేశారు. హోటల్లో సర్వరుగా పనిచేసిన ఆయన 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాల మూట మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. నిజామాబాదు జైల్లో ఆయనతో కలిసి ఉన్న కవి దాశరథి అక్కడి గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. బయటికొచ్చాక తన కవితా సంపుటి ‘అగ్నిధార’ను ఆ మిత్రుడికే అంకితమిచ్చారు. రాజుకు దక్కే గౌరవం జైలు దోస్తుకు దక్కింది. నా దృష్టిలో తెలంగాణ పుస్తక చరిత్రలో ఇంతకంటే పెద్ద మలుపు లేదు. దోస్తులు చేసే సంబురం ఆ మలుపు నుంచి వచ్చిందే. దాన్ని చిన్నచూపు చూడటం తగదు.

మరి బార్ సంగతి? సురవరం ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసినప్పుడు ఓరుగల్లు వీధుల్ని, పూటకూళ్లిళ్లను చూపే పాత తెలుగు వీథినాటకం ‘క్రీడాభిరామా’న్ని సాక్ష్యంగా తీసుకుని, జనం కూడే చోటు ఏదైనా చరిత్రకు అంటరానిది కాదని నిరూపించారు. ఆ పుస్తకానికే 1955లో, ఆయన పోయాక, తెలుగులో తొలి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కాబట్టి బార్‌లో కూర్చున్నంత మాత్రాన పుస్తకం మైలపడదు. కానీ దూబగుంటను మరవలేం. నెల్లూరు జిల్లాలోని ఆ ఊరి ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న పాఠంతో కదిలి సారా దుకాణం మూయించారు. ఆ కదలికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతా పాకి 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్లింది, 1997లో దాన్ని సడలించారు. చదువే తాగుడు మీద తిరగబడిన నేల ఇది. పైగా మన ఊళ్లలో బార్‌లో సంబురమంటే ఆడ పాఠకులను గడప బయట నిలబెట్టడమే. సంస్థానాలు చేసిన తప్పు అదే కదా. కొత్తకోటలో దోస్తు పుస్తకం వస్తే గ్రంథాలయంలోనో, హైవే పక్క చాయ్ హోటల్లోనో కూడండి. ఇంటి ఆడవాళ్లనూ పిలవండి. ఊరికే ఇస్తానన్నా తీసుకోకుండా తలా ఒక ప్రతి కొనండి.