ద్రాక్ష పందిరి, బోరుబావి: మేడ్చల్ - షామీర్‌పేట సేద్యంలో నీటి చరిత్ర

మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతాలలో ద్రాక్షతోటలు తరిగిపోవడానికి స్థిరాస్తి వ్యాపారమే కారణమని చెప్పడం పరిపాటి. అది సగం కారణం మాత్రమే. మిగిలిన సగం భూమిలోపల ఉంది.

ఇక్కడివి ప్రధానంగా ఎర్రని చల్క నేలలు, వాటి కింద గ్రానైటు. నీరు నిలిచేది పైనున్న శిథిల శిలాపొరలోను, దాని దిగువ పగుళ్ళలోను. ఆ పొర ఎండితే మోటబావి ఎండుతుంది. బోరు పగుళ్ళను వెతుక్కుంటూ లోతుకు పోతుంది. ఇటువంటి నేలపై చెరువు కింద వరి, మెట్టన జొన్న పండించడం పాత పద్ధతి. జొన్నకు వానే ఆధారం. గట్క, రొట్టె ఆ పంటకు తగిన తిండి.

అనాబ్-ఎ-షాహి ద్రాక్షను 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాదులో ప్రవేశపెట్టినట్లు ఉద్యాన గ్రంథాలు పేర్కొంటాయి. రాతి స్తంభాలపై తీగలల్లిన పందిళ్ళు తరువాతి కాలంలో నగర శివార్లకు విస్తరించాయి. దక్కనులో ద్రాక్షకు ఏటా రెండు కత్తిరింపులు: వేసవిలో ఒకటి, అక్టోబరు ప్రాంతంలో మరొకటి. కాయ ఊరేదీ, కొత్త కొమ్మ సాగేదీ ఫిబ్రవరి నుండి మే వరకు. బావులు అడుగంటేదీ అప్పుడే. తోటకూ భూగర్భజలానికీ నడుమ ఘర్షణ ఈ పంచాంగంలోనే ఇమిడి ఉంది.

ఈ ఘర్షణను లీటర్ల లెక్క పట్టివ్వదు. మెకొన్నెన్, హుక్‌స్ట్రా అంచనా వేసిన ప్రపంచ సగటు ప్రకారం కిలో జొన్నకు 3,048 లీటర్ల నీరు, కిలో ద్రాక్షకు 608. అంకెను మాత్రమే చూస్తే జొన్నే దోషి. కాని ఆ 3,048లో 2,857 లీటర్లు నేలలో ఇంకిన వాననీరే. సేద్యపు నీరు 103 లీటర్లు మాత్రమే. ఎంత నీరన్నది కాక, ఎక్కడి నీరన్నదే ఇక్కడ ప్రశ్న.

1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేదవాని కంచంలోకి అన్నం తెచ్చింది. దాని మేలును తక్కువచేయరాదు. అయితే గట్కకు గిరాకీ తగ్గడంలో, మెట్ట జొన్న వెనుకబడడంలో దాని పాత్రనూ విస్మరించలేము. కోళ్ళఫారాల కథ వేరు. వాటి మేతకు కావలసిన మొక్కజొన్న, సోయా ఎక్కువగా బయటినుండే వస్తాయి గనుక నీటి భారం అన్యత్ర పడుతుంది. ఎరువు, ఈగలు, దుర్గంధం మాత్రం ఊరికి మిగులుతాయి.

2002లో వాల్టా చట్టం బావుల తవ్వకానికి అనుమతి తప్పనిసరి చేసింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. తవ్వకంపై ఆంక్ష ఉన్నా, తోడకానికి ఖర్చు లేకుండా పోయింది. అప్పటికే బోరు ఎండిన తోటకు మాత్రం ఈ రెండూ అక్కరకు రాలేదు. ఆ యజమానికి మిగిలిన బేరగాడు ప్లాట్ల వ్యాపారే.